కొండ దిగే సైకిళ్లు

"ఈసారి నువ్వు సైకిల్ మీద వెళ్తున్నావు," అన్నాడు ట్రెష్.

న్యూరెంబర్గ్‌లో చెవిటి మిషన్లు అమ్మే దుకాణం వెనక గది అది. ముందు గదిలోకి ముసలివాళ్లు వచ్చి ఏమీ వినపడటం లేదని మొర పెట్టుకుంటారు. వెనక గదిలో ట్రెష్ కూర్చుని ఊరందరి మాటలూ వింటాడు. గూఢచారి శాఖలో అతని మాటే ఆఖరు మాట.

ఎదురుగా నిలబడ్డవాడి పేరు ఆల్బన్ డిప్పోల్డ్. యాభై దాటాయి. ఆరేళ్లుగా అతనిది ఒకటే డ్యూటీ. ఎమిల్ పోల్ అనే మనిషి ప్రాణానికి కాపలా.

"రేపు పోల్ ఐష్‌బాఖ్ బీరు పండక్కి పోతాడు."

"ఏటా పోతాడు."

"ఈ ఏడు తిరిగి రాకూడదని అవతలి వాళ్ల ప్లాను."

అవతలి వాళ్లంటే సరిహద్దు అవతలి వాళ్లు. పోల్ ఒకప్పుడు వాళ్ల రేడియో ఇంజనీరు. వాళ్ల రహస్య సంకేతాలన్నీ తలలో పెట్టుకుని, అడవి గుండా నడిచి ఇటు వచ్చేశాడు. పేరు మార్చారు, మార్చుకున్నాడు. ఇల్లిచ్చారు, పుచ్చుకున్నాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. నా వెనక ఎవడూ తిరగకూడదు, తిరిగినట్టు తెలిస్తే ఇక మీ దగ్గర నోరు విప్పను అన్నాడు. శాఖ ఒప్పుకుంది. ఒప్పుకుని, డిప్పోల్డ్‌ని పంపింది.

"ఎలా చంపుతారట?" అడిగాడు డిప్పోల్డ్.

"ప్రమాదంలా. ఆ మనిషి ఒక ఏడు రైలెక్కుతాడు, ఒక ఏడు కారు తీస్తాడు, ఒక ఏడు సైకిల్. పొద్దున లేచాక ఆయనకేది తోస్తే అది. అందుకని మూడు దారులకీ మూడు ప్లాన్లు వేసుకున్నారు. మనమూ మూడు దారులూ కాయాలి."

ట్రెష్ మ్యాప్ పరిచాడు.

"రైలుకి అయిదుగురు. పాటలు పాడుకుంటూ పోతారు. పండగ రైల్లో ఒంటిగా కూర్చున్నవాణ్ని చూస్తే వాడే గూఢచారని చంటిపిల్ల కూడా చెబుతుంది. కారుకి రెండు జంటలు. సైకిల్‌కి నువ్వు."

"నేనే ఎందుకు?"

"సైకిల్‌కి పక్క సీటు ఉండదు. పక్కన ఎవరూ లేరేమయ్యా అని ఎవరూ అడగరు."

డిప్పోల్డ్ మ్యాప్ మీదికి వంగాడు.

"కొండ మీద నీకు వెరేనా కలుస్తుంది," అన్నాడు ట్రెష్.

వెరేనా రెండు పక్షాలకూ పనిచేసే మనిషి. ఆమె నడిచి వెళ్తుంటే పోలీసులు కూడా టోపీ సర్దుకుంటారు.

"ఆమె ఈ వారం ఎవరి పక్షం?"

"అది ఆమె చెప్పదు. చెప్పినా మనం నమ్మం. 'ఇక్కడ ఖాళీ ఉందా' అని అడుగుతుంది. 'కూర్చోండి, మావాళ్లెవరూ రారు' అనాలి నువ్వు. అదే కోడ్. నీకు గుర్తుపెట్టుకోవడం తేలికే."

ట్రెష్ నవ్వాడు. డిప్పోల్డ్‌కి నవ్వు రాలేదు.

సామాను ఇచ్చారు. సైకిల్ బెల్లులో వైర్‌లెస్. చెవిలో పెట్టుకోవడానికి మిషన్, సైకిల్ దిగాక మాట్లాడటానికీ అదే. అంటించుకోవడానికి ఒక గోధుమరంగు మీసం.

"రూలు మర్చిపోకు," అన్నాడు ట్రెష్, తలుపు దగ్గర. "ఏం జరిగినా పోల్‌తో ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడిన రోజు ఆ డ్యూటీ నీది కాదు."

డిప్పోల్డ్ ఉండేది గ్రోస్‌వెయర్ అనే పల్లెలో, ఒక విధవరాలి ఇంటి అటకగదిలో. వీధికి అవతల పోల్ ఇల్లు. ఆరేళ్లుగా పోల్ వంటింట్లో దీపం వెలిగితే డిప్పోల్డ్ తన సూపు వెచ్చబెట్టుకుంటాడు. పోల్ రొట్టె కోస్తే ఇతనూ కోస్తాడు. ఇద్దరూ ఒకేసారి తింటారు. మధ్యన వీధి. పోల్‌కి జలుబు చేస్తే ఇతనికి నిద్ర పట్టదు. ఈ భూమ్మీద డిప్పోల్డ్‌కి అంతకన్నా దగ్గరి మనిషి లేడు. ఆ మనిషితో ఇంతవరకూ నమస్కారమైనా లేదు.

శనివారం పొద్దున ఆకాశం కడిగినట్టుంది. పోల్ గుమ్మంలోకి వచ్చాడు. పైకి చూశాడు. సైకిల్ బయటికి తీశాడు.

"సైకిల్," అన్నాడు డిప్పోల్డ్, బెల్లులోకి వంగి.

"అదృష్టవంతుడివి," అంది చెవిలో ట్రెష్ గొంతు. "రైల్లో మనవాళ్లు అప్పుడే పాట మొదలెట్టారు. భరించలేకుండా ఉంది."

కాలవ గట్టు వెంబడి దారి. పోల్ ముందు, డిప్పోల్డ్ వెనక, మధ్యలో ఒక మలుపు ఎడం. పక్కన రోడ్డు మీద పండక్కి పోయే కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. కిటికీల్లోంచి పిల్లలు కాళ్లు బయటపెట్టారు. ఎవరో పోల్‌కి చెయ్యి ఊపారు. పోల్ ఊపాడు. వెనకొస్తున్న డిప్పోల్డ్‌కి ఎవరూ ఊపలేదు. అంత బాగా చేస్తున్నాడు పని.

రైలు గేటు దగ్గర పోల్ ఆగాడు. ఇతను బీరులో వేసే హాప్స్ తీగల తోటలో పందిళ్ల వెనక నిలబడ్డాడు. ఐష్‌బాఖ్ రైలు వచ్చింది. కిటికీలన్నీ మనుషులే. కాళ్లతో నేల తన్నుతూ పాడుతున్నారు. రైలు పోయాక మళ్లీ నిశ్శబ్దం. గేటు లేవలేదు. ఇంకో రైలుకోసం ఇద్దరే మనుషులు అలా నిలబడి ఉన్నారు. పోల్ సంచిలోంచి ఆపిల్ తీసి కొరికాడు. డిప్పోల్డ్ జేబులోనూ ఆపిల్ ఉంది. తిన్నాడు.

ఐష్‌బాఖ్ పండగ కొండ మీద జరుగుతుంది. బీరు చల్లగా ఉంచడానికి కొండలో తొలిచిన గుహలు, పైన బీచ్ అనే పెద్ద చెట్లు, చెట్ల కింద పొడుగాటి బల్లలు. కార్లని కింద కోసిన పొలంలో ఆపేస్తారు. రైలు దిగినవాళ్లని పండగ బస్సు కొండ మొదట్లో దించి పోతుంది. అక్కణ్నుంచి అందరికీ కాళ్లే. సైకిళ్లకి మాత్రం పైదాకా దారి. ఎక్కేటప్పుడు రొప్పుతూ తోస్తారు. దిగేటప్పుడు తాగి తోస్తారు. కొండ మీద కూజా ముట్టినవాడు కొండ దిగేదాకా సైకిలెక్కడు. కింద మలుపులో పాత రాతిగని గోడ ఉంది. దాన్ని గుద్దుకున్నవాళ్ల పేర్లు ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు. గోడ దాటాక పోలీసులుంటారు.

పోల్ కంచెకి సైకిల్ ఆనించి, తాళం వేసి, చివరి బల్ల చివర కూర్చున్నాడు. డిప్పోల్డ్ నాలుగు బల్లల వెనక కూర్చున్నాడు. కుని అనే వడ్డనావిడ వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, రెండు చేతుల్లో పది రాతి కూజాలు.

"ఏం నాయనా, బీరా?"

"ఆపిల్ రసం. కూజాలోనే పొయ్యి."

"సిగ్గేస్తోందా? పోస్తాలే. పైన నురగ కూడా పెట్టమంటావా?" అని పక్క బల్లవాళ్లకి వినపడేట్టు అంది. వాళ్లు నవ్వారు.

రాతి కూజాలో ఏముందో బయటికి కనబడదు. ఆరేళ్లుగా ప్రతి పండక్కీ డిప్పోల్డ్ తాగుతున్నది అదే.

కాసేపటికి ఎర్ర గౌను ఒకటి బల్లల మధ్యనుంచి వచ్చింది. చుట్టూ మాటలు కాస్త తగ్గాయి.

"ఇక్కడ ఖాళీ ఉందా?"

"కూర్చోండి. మావాళ్లెవరూ రారు."

వెరేనా కూర్చుంది. నవ్వుతూ, ఎవరికీ వినపడకుండా, పెదాలు కదిలీ కదలకుండా మాట్లాడింది.

"అతని సైకిల్ రెండు బ్రేకుల తీగలూ సగం కోసేశారు. గట్టిగా పట్టగానే తెగుతాయి."

డిప్పోల్డ్ లేవబోయాడు.

"కంగారు పడకు. ఆ ఆలోచన నేనే ఇచ్చాను. తాగినవాడు కొండమీంచి పడ్డాడంటే ఎవరూ అనుమానించరని చెప్పాను. నమ్మారు. ఇక్కడ ఎవడూ సైకిలెక్కి దిగడని వాళ్లకి తెలీదు. వాళ్ల దేశంలో కొండ మీద పండగలుండవు. పోల్ కూడా అందర్లాగే తోసుకుపోతాడు. మనమేమీ చెయ్యక్కర్లేదు."

"ఇప్పుడే సైకిల్ మార్చేస్తే?"

"కంచె పక్కన బూడిద రంగు టోపీ చూశావా? వాడే కోసింది. కళ్లు తిప్పకుండా చూస్తున్నాడు. ఎవరు ఆ సైకిల్ ముట్టినా నేను చెప్పేశానని వాళ్లకి తెలిసిపోతుంది. తెలిస్తే నాకు రేపు ఉండదు, ఆల్బన్." ఆమె లేచింది. "బీరు బాగుంది. నువ్వూ తాగు ఒకసారి."

ఎర్ర గౌను జనంలో కలిసిపోయింది.

డిప్పోల్డ్ పోల్ వైపు చూశాడు. పోల్ ముందు గాజు గ్లాసు ఉంది. గ్లాసులో నిమ్మరసం.

ఆ గ్లాసునీ, కంచె దగ్గరి సైకిల్‌నీ మార్చి మార్చి చూశాడు.

వెరేనాకి అంతా తెలుసు, ఈ ఒక్కటీ తప్ప. ఇది డిప్పోల్డ్ ఒక్కడికే తెలుసు. పోల్ ఒంటరిగా ఉంటే తాగడు. కూజా తగిలించడానికి ఎదురుగా మనిషి లేకపోతే ముట్టడు. ఏటా పండక్కి వస్తాడు, ఎవరైనా పిలుస్తారేమోనని బల్ల చివర కూర్చుంటాడు, ఎవరూ పిలవరు, నిమ్మరసం తాగి వెళ్లిపోతాడు. వెనకటిసారి సైకిల్ మీద వచ్చినప్పుడు, ఇదే కొండమీంచి సైకిలెక్కే దిగాడు. తాగనివాడికేం భయం?

"ట్రెష్, విను." డిప్పోల్డ్ చెవి దగ్గర చెయ్యి పెట్టి, తల దువ్వుకుంటున్నట్టు నటిస్తూ, విషయం చెప్పాడు.

"పోలీసులతో ఆపిద్దాం," అంది చెవిలో గొంతు.

"పోలీసులు గోడ తర్వాత ఉన్నారు."

చెవిలో మ్యాప్ మడతలు విప్పిన చప్పుడు.

"నువ్వు మాట్లాడకూడదు, డిప్పోల్డ్. రూలు."

పోల్ గ్లాసు ఖాళీ చేశాడు. లేచాడు. పక్క బల్ల మీద పాడుతున్నవాళ్లని ఒక నిమిషం చూశాడు. కంచె వైపు నడిచాడు. తాళం తీశాడు. బూడిద టోపీవాడు చుట్ట వెలిగించుకున్నాడు.

డిప్పోల్డ్ చెవిలోని మిషన్ తీసి ఆపిల్ రసంలో వేశాడు.

కుని చేతుల్లోంచి రెండు కూజాలు లాక్కుని పరుగెత్తాడు.

"ఒరేయ్, దొంగా!" అని కేకేసింది కుని.

పోల్ ఒక కాలు పెడల్ మీద పెట్టాడు. ముందు చక్రం వాలు వైపు తిరిగింది. రెండో కాలు నేల వదలబోతోంది. డిప్పోల్డ్ వెళ్లి చక్రానికి ఎదురుగా నిలబడ్డాడు. ఆ ఊపుకి ఒక కూజాలో సగం బీరు పోల్ చొక్కా మీద పడింది.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆరేళ్లలో మొదటిసారి, ఇంత దగ్గర నుంచి.

"ఏమండీ," అన్నాడు డిప్పోల్డ్. "మావాడొకడు వస్తానన్నాడు. రాలేదు. రెండు తెచ్చేశాను. ఒక్కణ్ణీ ఏం తాగను?"

"నేను సైకిల్ మీద వచ్చానండీ," అన్నాడు పోల్.

"నేనూ అంతే. తోసుకుపోదాం."

"వద్దండీ, ఇంకోసారి..."

కుని వచ్చేసింది, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఇంకోసారేంటి? నా బీరు ఒలకబోయించి ఇంకోసారంటాడు! ఏటా వచ్చి నిమ్మరసం తాగి పోతావు. దానికి కొండెక్కాలా? మీ ఇంట్లో నిమ్మకాయల్లేవా? దిగు! ఈ మీసాలాయనతో కూర్చో. ఇతనూ నీలాంటివాడే, కూజాలో ఆపిల్ రసం పోయించుకుంటాడు. ఇద్దరూ ఇద్దరే!"

బల్లల దగ్గర జనం గొల్లుమన్నారు. "దిగు! దిగు!" అని బల్లలు కొట్టారు. పోల్ చెవులు ఎర్రబడ్డాయి. కాలు కిందికి దించాడు. సైకిల్ మళ్లీ కంచెకి ఆనించాడు.

బూడిద టోపీవాడి చుట్ట ఆరిపోయింది.

కూర్చున్నారు. కుని కొత్త కూజాలు తెచ్చి పెట్టింది, లీటరు లీటరువి. కూజాలు తగిలించారు. ఇక్కడ కూజా తగిలించేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూడాలి. చూశారు. తాగారు. డిప్పోల్డ్ నిజంగా తాగాడు. గొంతు దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. చేదుకి కావచ్చు.

"మీదే ఊరు?" అడిగాడు పోల్.

"కొండ మీద 'మీరు' లేదు," అన్నాడు డిప్పోల్డ్. "నువ్వే."

పోల్ ఆ మాట కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "నీదే ఊరు?" అన్నాడు మెల్లగా. ఈ దేశం వచ్చాక ఒక మనిషిని నువ్వు అనడం అతనికి అదే మొదలు.

కాల్చిన చేప వచ్చింది. ముల్లంగి వచ్చింది, ఉప్పు చల్లి, చుట్టలు చుట్టలుగా కోసింది. మాట్లాడుకున్నదేమీ లేదు. చేపలో ముళ్ల గురించి, ఈ ఏడు వానల గురించి. ఒక లీటరు అయింది.

"ఒకటేగా, ఇక ఎక్కి పోవచ్చు నేను," అన్నాడు పోల్.

"ఇంకోటి," అన్నాడు డిప్పోల్డ్.

రెండోది సగంలో ఉండగా పోల్ ముందుకి వంగి, రుమాలుతో మూతి తుడుచుకుంటున్నట్టుగా చెప్పాడు. "నీ మీసం ఎడమవైపు ఊడుతోంది. నురగ తగిలింది కదా. పోయిన చలికాలం పెట్టిన గడ్డమే నయం."

డిప్పోల్డ్ కూజా కింద పెట్టాడు.

"మొదటి ఏడే తెలుసు నాకు," అన్నాడు పోల్. "చెబితే నిన్ను తీసేసి ఇంకొకణ్ణి పంపుతారు. అందుకని చెప్పలేదు. పిలిచి ఒక గ్లాసు పొయ్యాలని చాలాసార్లు అనుకున్నా. ఎలా పిలవాలో తెలీలేదు."

డిప్పోల్డ్ మీసం నొక్కి అంటించుకున్నాడు.

"దిగేటప్పుడు సైకిలెక్కకు."

"ఎందుకని అడగనులే," అన్నాడు పోల్. "ఎక్కను."

సాయంత్రపు ఎండలో జనం కొండ దిగడం మొదలెట్టారు. వందల సైకిళ్లు, అన్నిటినీ తోస్తున్నారు. హ్యాండిళ్లకి టోపీలు తగిలించుకుని, క్యారియర్ల మీద నిద్రపోతున్న పిల్లల్ని పట్టుకుని, పాడుకుంటూ. పోల్, డిప్పోల్డ్ పక్కపక్కన తోస్తున్నారు. రెండు చక్రాలూ ఒకేలా టిక్కుటిక్కుమంటున్నాయి.

ఎర్ర గౌను వాళ్లని దాటుకుంటూ పోయింది. వెరేనా మొహం తెల్లబడి ఉంది. దాటుతూ ఒక్క మాట వదిలింది. "కింద నల్ల కారు. రెండో ప్లాను. నాకూ ఇప్పుడే తెలిసింది. టోపీవాడు చెయ్యి ఎత్తితే కదులుతుంది."

డిప్పోల్డ్ వెనక్కి చూశాడు. బూడిద టోపీవాడికీ ఒక సైకిల్ ఉంది. వాడు తోయడం లేదు. వీళ్లకన్నా ముందు కిందికి చేరి కారుకి సైగ చెయ్యాలి వాడు. సీటెక్కి, బెల్లు మోగిస్తూ, జనాన్ని చీల్చుకుంటూ దూసుకొచ్చాడు.

డిప్పోల్డ్ పోల్‌కి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో ఆయుధం లేదు. తాగి ఉన్నాడు. చెవిలో మిషన్ లేదు, పిలవడానికి ఎవరూ లేరు. నోరొక్కటే ఉంది.

"దిగరా!" అని అరిచాడు.

ఆ అరుపు కొండంతా అందుకుంది. "దిగు! దిగరా వెధవా! పిల్లలున్నారు!" ఒక ముసలమ్మ గొడుగు విసిరింది. టోపీవాడు ఎవరినీ లెక్కచెయ్యకుండా రాతి గోడ మలుపు తిరిగాడు. వందల మంది నడుస్తున్న రోడ్డు మీద సైకిలెక్కినవాడు వాడొక్కడే.

గోడ తర్వాత పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పోలీసుకి కుట్రలూ తెలీవు, సరిహద్దులూ తెలీవు. బొద్దు మీసాల మనిషి, పేరు హెల్డ్.

"దిగండి సార్. ఈ గొట్టంలోకి ఊదండి."

"నాకు తొందరగా ఉంది."

"అందరికీ తొందరే సార్. ఊదండి. ఎంత తాగారు?"

వేషం కోసం వాడు మూడు కూజాలు తాగాడు. ఊదాడు. గొట్టంలోని పసుపు రంగు ఆకుపచ్చగా మారింది. తాగారని దానర్థం.

"అబ్బో," అన్నాడు హెల్డ్. "సైకిల్ ఇక్కడ వదిలెయ్యాలి మీరు. టైరు కూడా మెత్తగా ఉంది చూడండి. ఈ గాలి పంపు..." అంటూ సైకిల్‌కున్నది అందుకున్నాడు.

టోపీవాడు పంపు కోసం ఎగబడ్డాడు. హెల్డ్ లాగాడు. పంపులో దాచిన తుపాకీ ఢామ్మని పేలింది. 'పండగకు స్వాగతం' అన్న బోర్డు మధ్యలో గుండ్రంగా బొక్క పడింది.

ఒక్క క్షణం పాట ఆగింది. తర్వాత టోపీవాడు నేల మీద, వాడి మీద కొండ దిగుతున్న ఐష్‌బాఖ్ అగ్నిమాపక దళం మొత్తం. అవతల నల్ల కారు ఇంజను స్టార్టయింది. పొలంలోంచి బయటపడే దారికి అడ్డంగా ట్రెష్ పంపిన రెండు జంటల కార్లు నిలబడి, అటు కదలక, ఇటు కదలక, ముందు ఎవరు పోవాలో పోట్లాడుకుంటున్నాయి. నల్ల కారు ఎటూ పోలేదు.

వాణ్ని పట్టించింది తాగి సైకిలెక్కిన కేసు. వెరేనా పేరు ఎక్కడా రాలేదు.

గ్రోస్‌వెయర్ దాకా ఇద్దరూ తోసుకుంటూనే పోయారు. కాలవ గట్టు మీద పోల్ ముందు కాదు, డిప్పోల్డ్ వెనక కాదు. వీధిలోకి వచ్చాక పోల్ తన గుమ్మం దగ్గర ఆగాడు. డిప్పోల్డ్ అవతలి గుమ్మం దగ్గర ఆగాడు. పోల్ చెయ్యి ఊపాడు. డిప్పోల్డ్ ఊపాడు.

సోమవారం చెవిటి మిషన్ల దుకాణం వెనక గదిలో ట్రెష్ కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు.

"పోల్‌ని నిన్న రాత్రే వేరే ఊరు మార్చాం. ఏ ఊరో నీకు చెప్పకూడదు. అక్కడ కొత్త మనిషిని పెట్టాం."

"ఆయనకి ఆకుకూర సూపు పడదు," అన్నాడు డిప్పోల్డ్. "ఆ కొత్తతనికి చెప్పండి."

"చెబుతాను." ట్రెష్ ఇటు తిరిగాడు. గొంతు సర్దుకున్నాడు. "పైవాళ్లు అడుగుతున్నారు. డ్యూటీలో ఉండి ఎంత తాగావు?"

డిప్పోల్డ్ ఆలోచించాడు.

"ఎక్కువేం కాదు," అన్నాడు. "ఇద్దరు మనుషులు సైకిల్ తోసుకుపోవాల్సినంత."